ఇల్లు పోయింది ఇంట్లోనే

2017 నవంబరు నెలాఖరులో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. ఆ ఏడాది సదస్సుకు పెట్టుకున్న నినాదం ‘ముందు మహిళలు, అందరికీ శ్రేయస్సు’. అమెరికా అధ్యక్షుడి కూతురు వస్తోందని రోడ్లు బాగుచేశారు, గోడలకు రంగులేశారు. సదస్సుకు మూడు వారాల ముందే, నవంబరు 8 నుంచి మరుసటి జనవరి 7 దాకా నగరంలో భిక్షాటన నిషిద్ధమని పోలీసు ఉత్తర్వు వెలువడింది. కూడళ్ల దగ్గర, దర్గాల మెట్ల మీద, గుళ్ల ముందు కూర్చున్నవాళ్లను వ్యానులెక్కించి జైళ్ల శాఖ నడిపే ఆశ్రమాలకు తరలించారు. మగవాళ్లను చంచల్‌గూడకు, ఆడవాళ్లను చర్లపల్లికి.

అక్కడ పేర్లూ వివరాలూ రాసుకుంటుంటే ఇద్దరు ఆడవాళ్లు చక్కని ఇంగ్లీషులో మాట్లాడారు. ఒకామె ఎంబీఏ చదివి లండన్‌లో అకౌంట్స్ ఉద్యోగం చేసింది. భర్త పోయాక మనసు కుంగిపోయి దర్గా దగ్గరికి చేరింది. ఇంకొకామెకు అమెరికా గ్రీన్‌కార్డు ఉంది. తన ఆస్తిని అయినవాళ్లే కాజేశారని చెప్పింది. పత్రికలు ఆ కబురును వింతగా రాశాయి, జనం వింతగా చదివారు. రెండు రోజులకు మరిచిపోయారు.

ఆ రెండు కథల్లోంచి ఇంగ్లీషునూ విదేశాన్నీ తీసేసి చూడండి. మిగిలేవి భర్త చావు, మనసుకు పట్టిన జబ్బు, అయినవాళ్లు లాక్కున్న ఆస్తి. ఈ నగరంలో రోడ్డున పడ్డ ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని నిమ్మళంగా అడిగితే చాలామంది నోట వచ్చేది ఈ మూడింట్లో ఒకటి. కొందరి విషయంలో మూడూనూ. ఎంబీఏ చదివినామె కథ వార్త అయింది. తట్టలు మోసినామె కథ ఏనాడూ వార్త కాలేదు.

ఫుట్‌పాత్ మీద ఉన్న ఆడమనిషి గురించి మనకు ముందే ఒక తీర్పు సిద్ధంగా ఉంటుంది. పని చెయ్యడానికి ఒళ్లొంగదు. ఎవడితోనో లేచొచ్చి ఉంటుంది. తాగుతుంది. వెనకాల ముఠా ఉంటుంది. లేకపోతే పిచ్చిది. ఇవి వీధిలో వినిపించే మాటలే అనుకోనక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో నగరాల్లోని నిరాశ్రయుల గురించిన కేసు విచారిస్తూ, ఉచిత పథకాల వల్ల జనం పని చెయ్యడానికి ఇష్టపడటం లేదని సుప్రీంకోర్టు ధర్మాసనమే వ్యాఖ్యానించింది. అంత ఎత్తు నుంచి కూడా నిరాశ్రయుల సమస్య పని దొంగతనంగా కనిపించిందంటే, ఆ అభిప్రాయం ఎంత లోతుగా పాతుకుపోయిందో అర్థమవుతుంది. నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఈ ఆడవాళ్ల బతుకుల్ని వరసగా, మొదటి నుంచి వింటే ఆ తీర్పుల్లో కారణమూ ఫలితమూ తారుమారై కనిపిస్తాయి. రోడ్డు మీదికి వచ్చాక వాళ్ల బతుకు చెడలేదు. ఇంట్లోనే చెడింది. ఇల్లు పోయింది కూడా ఇంట్లోనే. సంతకం దగ్గర, శవం దగ్గర, దెబ్బల దగ్గర.

2011 జనాభా లెక్కల్లో దేశమంతటా ఇళ్లు లేనివాళ్లు 17.7 లక్షల మంది తేలారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు లక్షా నలభై ఐదు వేలు. దేశం మొత్తం మీద ప్రతి పదిమందిలో నలుగురు ఆడవాళ్లు. అంతకు ముందు పదేళ్లలో పల్లెల్లో ఈ సంఖ్య తగ్గితే పట్టణాల్లో పెరిగింది. ఇవి ఫిబ్రవరి 28 రాత్రి ఒక్క రాత్రిలో లెక్కపెట్టిన అంకెలు. రోడ్డు పక్కన, ఫ్లైఓవర్ల కింద, గుళ్ల మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద కనిపించినవాళ్లను రాసుకున్నారు. కనిపించకుండా ఉండటమే బతుకుతెరువైనవాళ్లు ఆ లెక్కలోకి ఎంతమంది వచ్చి ఉంటారన్నది ఆలోచించాలి.

ఎందుకంటే ఆడవాళ్లు రాత్రిపూట ఒకచోట ఉండరు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి గోడ పొడవునా మధ్యాహ్నం మూడు గంటల వేళ నడిచి వెళ్తే, చీర కొంగు మొహం మీదికి లాక్కుని పడుకున్న ఆడవాళ్లు కనిపిస్తారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు చూసి మొహం చిట్లించుకుంటారు. పట్టపగలు ఎట్లా పడుకుందో చూడమంటారు. పగలు ఆ రోడ్డు నిండా జనముంటారు. పూలమ్మేవాళ్లు, ఆటోవాళ్లు, మందుల చీటీలతో పరుగెత్తేవాళ్లు. కంటిమీద కునుకు పడటానికి అంతకంటే భద్రమైన వేళ లేదు. రాత్రి పదకొండు దాటాక దుకాణాల షట్టర్లు పడతాయి. అప్పుడు లేచి కూర్చుంటారు. ఆసుపత్రి క్యాజువాలిటీ దగ్గర లైటు వెలుగుతుంటే అక్కడికి, సెక్యూరిటీ గార్డు కేకలేస్తే గేటు బయటికి, తెల్లారగట్ల మొదటి బస్సులు మొదలయ్యాక ఇమ్లీబన్ బస్టాండుకు. నలుగురైదుగురు ఒకచోట చేరి, ఇద్దరు పడుకుంటే ఇద్దరు మేలుకుంటారు.

“రాత్రి కన్ను మూస్తె సంచి పోతది బిడ్డా. సంచి పోకపోతె మానం పోతది. రెండూ పోవద్దంటె కూసోవాలె” అంది ఒక అవ్వ.

ఆమె సంచి చూపించమంటే చూపించింది. రెండు చీరలు, ఒక దుప్పటి, మూత ఉన్న స్టీలు గిన్నె, బీపీ మాత్రల అట్ట, కొబ్బరినూనె సీసా. అన్నిటికంటే కింద ప్లాస్టిక్ కవరు. కవరులో కవరు, దాంట్లో ఇంకో కవరు. అందులో ఆధార్ జిరాక్సు, పాత రేషన్ కార్డు, భర్త మరణ ధ్రువపత్రం. మరణ ధ్రువపత్రానికి మాత్రం లామినేషన్ చేయించింది. పెన్షన్ దరఖాస్తుకు కావాలన్నారట. ఏ ఆఫీసుకు వెళ్లినా ఏ ఊరు, ఏ వార్డు అని అడుగుతారట. ఉన్నచోటు చెబితే అది అడ్రసు కాదంటారట.

పాలమూరు నుంచి వలస వచ్చిన కూలి కుటుంబం ఆమెది. ఈ నగరంలో లేచిన ఎన్నో అపార్టుమెంట్ల ఇసుకా సిమెంటూ ఆ జిల్లా ఆడవాళ్ల నెత్తిమీద ఎక్కినవే. బిల్డింగు కడుతున్నంత కాలం పక్కనే రేకుల షెడ్డు. అది పూర్తయితే షెడ్డు పీకేసి ఇంకో సైటుకు. ఇరవై ఏళ్లకు పైగా అలా గడిచింది. సొంతూళ్లో ఉన్న ఒక్క గది మట్టి ఇల్లు ఎప్పుడో వానకు కూలింది. భర్త పోయాక మేస్త్రీ ఇంకో పని ఇవ్వలేదు. ఆలుమగలు జోడీగా వస్తే పని, షెడ్డు. ఒంటరి ఆడమనిషి, పైగా వయసు పైబడినది, ఎవరికీ అక్కర్లేదు. ఇన్నేళ్లలో ఎన్ని అంతస్తులకు తట్టలు మోసిందో ఆమె లెక్కపెట్టుకోలేదు. ఈమెను పని చేతగానిది అనాలంటే నోరు రాదు.

నిజానికి రోడ్డు మీద ఉన్న ఆడవాళ్లలో పని చెయ్యనివాళ్లను వెతకాల్సి వస్తుంది. ఫంక్షన్ హాళ్లలో రాత్రి గిన్నెలు తోమేవాళ్లు ఉన్నారు. పెళ్లి భోజనాలు అయ్యి, డేగిసాలు కడిగి బయటికొచ్చేసరికి రెండవుతుంది. బస్సులుండవు. ఆ హాలు మెట్ల మీదే తెల్లవారుతుంది. చిత్తు కాగితాలు, సీసాలు ఏరేవాళ్లున్నారు. గుడి ముందు పూలమ్మేవాళ్లున్నారు. పొద్దున్నే లేబర్ అడ్డా మీద నిలబడేవాళ్లున్నారు. నాలుగిళ్లలో అంట్లు తోమి గిన్నెడు అన్నం తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఇంకో భయం. రాత్రి ఎక్కడ పడుకుంటున్నదీ పనిచేసే ఇంట్లో తెలియకూడదు. తెలిస్తే ఆ ఇంట్లో ఏ గిన్నె కనబడకపోయినా ముందు ఈమెనే అనుమానిస్తారు. అందుకని బస్తీ పేరేదో చెప్పి నమ్మిస్తారు. రోజూ స్నానం చేసి, తల దువ్వుకుని వెళ్తారు. ఆ స్నానానికి సులభ్ కాంప్లెక్సులో డబ్బులు కట్టాలి. మరుగుదొడ్డికి వేరే. రోజులో ఎన్నిసార్లు వెళ్తే అన్నిసార్లు. ఆ డబ్బు మిగలాలని, రాత్రి చీకట్లో లేచి వెళ్లే పని పడకూడదని, సాయంత్రం నుంచి నీళ్లు తాగటం మానేస్తారు. మూత్రంలో మంట, చలి జ్వరం వాళ్లలో మామూలు జబ్బులు. నెలసరి రోజుల గురించి చెప్పమంటే తల దించుకుంటారు. ఆ నాలుగు రోజులూ పనికి పోకుండా, జనంలోకి రాకుండా ఒక మూల కూర్చోవడం తప్ప దారిలేదు.

మరి అంతో ఇంతో సంపాదిస్తున్నప్పుడు చిన్న గది అద్దెకు తీసుకోవచ్చు గదా అని ఎవరికైనా అనిపిస్తుంది. బస్తీలో గదికి అద్దె, అడ్వాన్సు ఒక ఎత్తు. ఒంటరి ఆడమనిషికి ఇల్లివ్వకపోవడం ఇంకో ఎత్తు. భర్త ఎక్కడ, ఎవరొచ్చి పోతారు, జీతమెంత, ముందు ఎక్కడున్నావు. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పేసరికి గది వేరేవాళ్లకు ఇచ్చేశామంటారు.

అద్దె ఇళ్ల విషయంలో మన దగ్గర ఇంకో దారుణం ఉంది. దీని గురించి నిరాశ్రయుల మీద రాసే నివేదికల్లో పెద్దగా కనబడదు గానీ పత్రికల జిల్లా పేజీలు తిరగేసేవాళ్లకు బాగా తెలుసు. కిరాయి ఇంట్లో ఉన్నవాళ్లు చనిపోతే శవాన్ని ఇంట్లోకి రానివ్వరు. ఆసుపత్రిలో పోయిన మనిషిని అంబులెన్సులో తెచ్చి, ఇంటి యజమాని ఒప్పుకోక, రోడ్డు పక్కన టెంటు వేసి పడుకోబెట్టిన వార్తలు సిరిసిల్లలో, కరీంనగర్‌లో, హైదరాబాద్‌లో మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. ఇక బతకడని డాక్టర్లు చెప్పేస్తే, ప్రాణముండగానే ఖాళీ చెయ్యమన్న యజమానులూ ఉన్నారు. ఇంటికి కీడట. పదకొండు రోజులు అయ్యేదాకా ఆ కుటుంబం గడప తొక్కకూడదట. ఆ పదకొండు రోజులు భార్య ఎక్కడుండాలి? పిల్లలతో ఎవరి అరుగు మీద పడుకోవాలి? బంధువులున్నవాళ్లు బంధువుల దగ్గరికి పోతారు. వాళ్లూ కిరాయి ఇళ్లలోనే ఉంటారు, వాళ్ల యజమానీ అదే మాట అంటాడు. తిరిగి వచ్చేసరికి సామాను వాకిట్లో ఉంటుంది. భర్త పోయిన ఆడదానికి నెల నెలా కిరాయి కట్టే స్తోమత ఎక్కడిదన్న లెక్క యజమాని ముందే వేసుకుంటాడు. విధవరాలై రోడ్డున పడిందని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటాం గానీ ఆ ముక్క వెనకాల ఇలాంటి పదకొండు రోజులుంటాయి. వీధిలో టెంటు కింద భర్త శవం పక్కన కూర్చున్న రాత్రే ఆమెకు నిరాశ్రయంగా గడిచిన మొదటి రాత్రి.

సొంత ఇల్లున్నవాళ్ల సంగతి వేరుగా ఉండాలి. ఉండటం లేదు. ఇల్లు భర్త పేరు మీద, ఆయన తర్వాత కొడుకుల పేరు మీద. ముసలామె పేరు మీద ఉన్నా అది ఎంతకాలం ఉంటుందో చెప్పలేం. కొడుకు లోను తీసుకోవాలంటాడు, మనవరాలి పెళ్లంటాడు. నువ్వు ఎట్లాగూ మా దగ్గరే ఉంటావు గదమ్మా అంటాడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేసి వచ్చిన అమ్మ ఏడాది తిరక్కుండా గుడి మెట్ల మీద కనిపిస్తుంది. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం ఇలాంటివాళ్లకు ఒక దారి ఇచ్చింది. చూసుకుంటామన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకోవచ్చు. వృద్ధుల్ని ఎక్కడో వదిలేసి పోతే మూడు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా కూడా అందులో ఉన్నాయి. అయితే చూసుకుంటామన్న షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో అంది. 2025 జనవరిలో ఇంకో తీర్పులో, పెద్దవాళ్ల మేలు కోసం చేసిన ఈ చట్టాన్ని ఉదారంగా చదవాలని అంది. కోర్టుల దాకా ఎందుకు, దస్తావేజు రాసే మనిషి ‘పోషించే షరతుపై’ అని ఒక్క వాక్యం చేరిస్తే తల్లి బతుకు గట్టున పడుతుంది. కొడుకు తెచ్చుకున్న రైటరు ఆ వాక్యం ఎందుకు చేరుస్తాడు? చదువురాని తల్లికి అక్కడ అలాంటి వాక్యం ఉండొచ్చని ఎవరు చెబుతారు?

కూతుళ్లకూ హక్కులు కాగితం మీద ఎప్పుడో వచ్చాయి. పూర్వీకుల ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా ఇస్తూ ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1986 నాటిది. దేశమంతటికీ అది రావడానికి 2005 దాకా పట్టింది. అయినా వాటా అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంతో పసుపు కుంకుమలకే సరిపెట్టుకుని, అన్నదమ్ముల పేర హక్కు వదులుకుంటూ సంతకాలు చేసిన ఆడవాళ్లు మన చుట్టూ ఎంతమందో. కాపురం బాగున్నంతకాలం దాంతో ఇబ్బంది తెలియదు. కాపురం చెడిన రోజున తిరిగి వెళ్లడానికి చోటుండదు. సంతకం పెట్టించుకున్న అన్న ఇంట్లో వదిన మాట వింటూ నెల రోజులుండి, పిల్లల్ని తీసుకుని బయటపడతారు.

కాపురం ఎందుకు చెడిందన్న దగ్గర లోకం ఆమె నడవడిక గురించి ఆరా తీస్తుంది. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూస్తే, తెలంగాణలో 18 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న పెళ్లయిన ఆడవాళ్లలో 36.9 శాతం మంది భర్త చేతి హింస చవిచూశారు. ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. వాళ్లలో ఎక్కువమంది ఆ ఇంట్లోనే ఉండిపోతారు. వచ్చేసినవాళ్లలో చోటు దొరకనివాళ్లు సికింద్రాబాద్ స్టేషనుకో బస్టాండుకో వస్తారు. అక్కడ లైట్లుంటాయి, పోలీసులుంటారు, పసిపిల్లల తల్లులుంటారు. ఆ రాత్రికి ఆమె దృష్టిలో ఇంటికంటే అదే పదిలం. ఇల్లు వదిలి వచ్చిందని లోకం నింద వేసేది ఏ పనికో, ఆ పనే ఆమె ప్రాణాన్నీ పిల్లల ప్రాణాన్నీ కాపాడింది.

గృహహింస చట్టం 2005లో వచ్చింది. కాపురమున్న ఇంట్లోంచి ఆమెను గెంటెయ్యడానికి వీల్లేదని అందులో ఉంది. అత్తమామల పేరు మీదున్న ఇల్లయినా సరే, అక్కడ కాపురముంటే ఆమెకు ఆ హక్కు వర్తించవచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. సఖి కేంద్రాలున్నాయి. వెళ్తే కేసు రాసుకుంటారు, వైద్యం చేయిస్తారు, ఉండనిస్తారు. తాత్కాలికంగా, అయిదు రోజుల దాకా. ఆరో రోజున ఏం చెయ్యాలన్నది ఆమె ముందున్న అసలు ప్రశ్న. కేసు తేలడానికి ఏళ్లు పడుతుంది.

ఆ ఆరో రోజు తర్వాత జరిగే వాటిని చూసే లోకం ఆమెకు పేర్లు పెడుతుంది. ఫుట్‌పాత్ మీద ఒంటరిగా ఉన్న ఆడదాని జోలికి రాని మగవాడు అరుదు. తాగినవాడు, రిక్షావాడు, గస్తీ కాసేవాడు. మొగుడితో తెగతెంపులైనా తాళి తియ్యకుండా మెడలో ఉంచుకునేవాళ్లున్నారు. అది చూసైనా కొందరు తగ్గుతారని. అదీ ఆగకపోతే వచ్చేవాళ్లలో ఒక్కడిని నమ్ముకుంటారు. పదిమంది నుంచి కాచే ఒక్కడు. వాడూ కొడతాడు, సంపాదించింది తీసుకుంటాడు, తాగించి తోడుగా తాగమంటాడు. అయినా రాత్రి పక్కన ఒక మగమనిషి పడుకుని ఉంటే ఇంకొకడు దగ్గరికి రాడు. ఇది చూసి చెడ్డదనేవాళ్లు, ఆ పదిమంది గురించి ఒక్క మాటా అనరు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

పిచ్చిది అన్న మాట సంగతి. మనసు జబ్బు వల్ల ఇల్లు వదిలి తిరిగేవాళ్లు ఉన్నమాట నిజం. కాన్పు తర్వాత మతి చెదిరితే దయ్యం పట్టిందని పుట్టింటికి పంపేస్తే, పుట్టింటివాళ్లు దర్గాలో కట్టేసి వదిలిపోతే, అక్కణ్నుంచి తప్పించుకుని ఏ రైలెక్కిందో తెలియనివాళ్లుంటారు. అంతకంటే ఎక్కువమందిని చూస్తే వరస తిరగబడి ఉంటుంది. ముందు నిద్రలేదు, తిండిలేదు, ఒంటిమీద భద్రత లేదు, పిల్లలు చేజారిపోయారు. ఆ తర్వాత ఒక్కతే మాట్లాడుకోవడం మొదలైంది. కొందరు కావాలనే ఒళ్లు మాపుకుంటారు, జుట్టు జడలు కట్టనిస్తారు. పిచ్చిదాన్ని, కంపు కొట్టేదాన్ని ఎవరూ ముట్టరని.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో స్పష్టంగా మాట్లాడింది. మనసు బాగాలేక తిరుగుతున్న మనిషి కనిపిస్తే రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చవలసిన బాధ్యత ఆ ప్రాంత పోలీసుది. ఇంటివాళ్లు తీసుకుపోవడం లేదన్న కారణంతోనో, ఇల్లు లేదన్న కారణంతోనో నయమైన మనిషిని ఆసుపత్రిలోనే ఉంచెయ్యడానికి వీల్లేదు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి లాంటి చోట్ల చిక్కు ఈ రెండో విషయం దగ్గరే వస్తుంది. జబ్బు నయమవుతుంది, తీసుకుపోయే మనిషి రాడు. చెన్నైలో 1993లో ఇద్దరు యువతులు మొదలుపెట్టిన ‘ది బన్యన్’ సంస్థ దీనికి ఒక దారి చూపింది. మామూలు వీధుల్లో మామూలు ఇళ్లు అద్దెకు తీసుకుని, నయమైన ఆడవాళ్లు నలుగురైదుగురు కలిసి కాపురముండే ఏర్పాటు చేసింది. వంట వాళ్లదే, పని వాళ్లదే, పొరుగువాళ్లతో మాటామంతీ వాళ్లదే. గది, తలుపుకు గొళ్లెం, పక్కన మనిషి ఉంటే చాలామంది కోలుకుంటారని అక్కడి అనుభవం చెబుతోంది. తెలుగు రాష్ట్రాల్లోని పెద్ద నగరాల్లో ఆ పని పెద్దయెత్తున జరగాలి.

ఆశ్రయ గృహాల లెక్కకు వస్తే, 2009 డిసెంబరు చలిలో ఢిల్లీలో ఒక రాత్రి బసను కూల్చేసిన ఉదంతం తర్వాత, 2010లో సుప్రీంకోర్టు ఈ విషయం పట్టించుకుంది. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున 24 గంటలూ తెరిచి ఉండే ఆశ్రయ గృహం ఉండాలంది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ దాన్నే ప్రమాణంగా పెట్టుకుంది. మనిషికి కనీసం యాభై చదరపు అడుగుల చోటు, ఆడవాళ్లకు ప్రత్యేక గృహాలు. 2011 లెక్కన హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) పరిధిలో జనాభా 67 లక్షల పైచిలుకు. ఆనాటి జనాభాకే 67 గృహాలు ఉండాలి. నగరం ఆ దరిదాపులకు కూడా రాలేదు. ఉన్నవాటిలో పెద్దాసుపత్రుల దగ్గర రోగుల సహాయకుల కోసం నడిచేవి కొన్ని. అవీ అవసరమే. మగవాళ్లవి కొన్ని. ఆడవాళ్లకు మిగిలేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అమన్ వేదిక లాంటి స్వచ్ఛంద సంస్థలు ఏళ్ల తరబడి శ్రమపడి నడుపుతున్నవి వాటిలో ఉన్నాయి. ఎన్నో చోట్ల కొడుకుకు పదేళ్లు దాటితే తల్లితో రానివ్వరు. ఆ తల్లి పిల్లాణ్ని వదిలి తను లోపల పడుకోదు. ఇద్దరూ బయటే ఉంటారు. అది చూసి, షెల్టరుకు పిలిచినా రారండీ అంటారు.

వందేళ్ల కిందట నాంపల్లి స్టేషనెదురుగా నిజాం సరాయి కట్టించాడు, ఊరుగాని ఊరు వచ్చినవాళ్లు తల దాచుకోవడానికి. ఐదు రూపాయల భోజనం ఈ నగరంలో 2014 నుంచి పెడుతున్నారు. రోడ్డు మీదున్న ఎంతోమంది ఆడవాళ్ల కడుపు నింపుతున్నది అదే. అంటే చెయ్యాలనుకుంటే ఈ ఊరికి చెయ్యడం తెలుసు.

ప్రభుత్వాలు ఆడవాళ్ల పేరు మీద ఇళ్లిస్తున్నాయి గదా అంటారు. ఇస్తున్నాయి. తెలంగాణలో డబుల్ బెడ్‌రూమ్ ఇల్లయినా, ఇందిరమ్మ ఇల్లయినా ఇంటి ఆడమనిషి పేరే రాస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలుపెట్టి లక్షలాది ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేరునే ఇచ్చారు. చాలా మంచి పని. అయితే ఇందిరమ్మ ఇంటికి మొదటి విడతలో ఐదు లక్షలు అందేది సొంత జాగా ఉన్నవాళ్లకు. రేషన్ కార్డు, స్థానికత, కుటుంబం అన్న మూడు గుమ్మాలు దాటాకే దరఖాస్తు లోపలికి పోతుంది. ఒంటరి మహిళలకు తెలంగాణ 2017లో పెన్షన్ మొదలుపెట్టింది. అక్కడా అడ్రసే అడ్డం. ఇల్లు లేనందుకు సాయం కావాల్సిన మనిషిని ఇంటి నంబరు అడుగుతున్నాం.

ఓటు విషయంలో ఎన్నికల సంఘం ఈ చిక్కుముడిని ఎప్పుడో విప్పింది. ఇల్లు లేని మనిషి ఓటరుగా చేరాలంటే అడ్రసు రుజువు అక్కర్లేదు. దరఖాస్తులో తాను పడుకునే చోటు రాస్తే, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వెళ్లి చూసి, ఒకటికి రెండు రాత్రులు అక్కడే ఉంటున్నట్టు నిర్ధారించుకుంటే సరిపోతుంది. ఓటుకు చెల్లిన ఫుట్‌పాత్ పెన్షన్‌కు, రేషన్‌కు ఎందుకు చెల్లదు? ఒక్క జీవోతో అయ్యే పని ఇది.

వచ్చే జనాభా లెక్కలు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరగబోతున్నాయి. ఇళ్లు లేనివాళ్లను మళ్లీ ఒక రాత్రి లెక్కపెడతారు. ఆ రాత్రి టార్చిలైటు వేసుకుని మగ ఉద్యోగులు వస్తే ఆడవాళ్లు లేచి వెళ్లిపోతారు. ఆశ్రయ గృహాలు ఎన్ని కావాలో, వాటిలో ఆడవాళ్లకు ఎన్నో తేల్చేది ఆ అంకె. అందుకని లెక్కకు వెళ్లే బృందాల్లో ఆడ ఉద్యోగులుండాలి. వాళ్ల వెంట, ఏ మూల ఎవరు పడుకుంటారో తెలిసిన స్వచ్ఛంద సంస్థల మనుషులుండాలి. వీలైతే రోడ్డు మీద బతికిన ఆడవాళ్లే ఉండాలి. ఫ్లైఓవర్ల కింద చూసి రావడంతో పని పూర్తయిందనుకోకుండా క్యాజువాలిటీ వరండాలు, ఫంక్షన్ హాళ్ల మెట్లు, యూసుఫైన్ దర్గా ఆవరణ, బస్టాండు ఆడవాళ్ల వెయిటింగ్ హాలు కూడా చూడాలి. ఆ సంస్థలతో మాట్లాడి, ఏ వార్డులో ఏ చోట్లు చూడాలో జాబితా రాసుకునే పని జీహెచ్ఎంసీ ముందుగానే మొదలుపెట్టాలి.